కింది లేయర్‌లో ఉన్న గౌను

ఈ సంగతి జరిగాక మొదటి రెండేళ్ళూ అక్షరాలు రాక రాయలేదు. అక్షరాలు వచ్చాక ఇంకో ఏడాది చెయ్యి ఆడక రాయలేదు. నాకిప్పుడు యాభై రెండేళ్ళు. చిన్నప్పుడు మా అమ్మ కొబ్బరిపీచు తాడు పేనే పనికి వెళ్తూ నన్నూ తీసుకుపోయేది. రాట్నం తిప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను. బడి ముందు నుంచి రోజూ నడిచాను గాని లోపలికి ఒక్కనాడూ వెళ్ళలేదు. పెళ్ళయ్యాక జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను. కొలతలు రాసుకోవడం రాదు కాబట్టి దారానికి ముళ్ళు వేసి గుర్తు పెట్టుకునేదాన్ని. ఒకరి దారం ఒకరికి ఎప్పుడూ మారలేదు. చదువు లేకపోయినా బతుకు నడిచిపోతుందన్న ధైర్యం నాకు ఆ దారాల వల్లే వచ్చింది.

2022 వేసవి నాటికి నేను కొత్తపేట బస్టాండు దగ్గర ఒక ఫోటో స్టూడియోలో చేరి ఆరేళ్ళయింది. ఓనరు ప్రసాదుగారు. మొదట ఊడవడానికి, ఫ్రేములు తుడవడానికి పెట్టుకున్నారు. కంప్యూటర్ మీద పనిచేసే కుర్రవాడు హైదరాబాదు వెళ్ళిపోయిన వారం ఆయనకి ఊపిరాడలేదు. "కత్తెర పట్టిన చెయ్యి గదండి, ఓసారి మౌసు పట్టి చూడండి సత్యవతిగారూ" అన్నారు. ఒక పెళ్ళికూతురి బొమ్మని వెనకున్న గోడ నుంచి వేరుచేసే పని. జడ వెంట, జడలోని పూల వెంట, చెవి జూకాల వెంట నెమ్మదిగా నడిచి కత్తిరించాను. ఆయన చాలాసేపు చూశారు. "ఎంతవరకు చదివేరండి?" అన్నారు. "నాలుగు" అన్నాను. ఆ అబద్ధం అప్పుడు చాలా చిన్నదిగా కనిపించింది.

ఈ పని తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ అంతా ఒకే కాగితం మీద ఉండదు. అద్దాల్లాంటి పలచటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఒక్కో కాగితాన్ని లేయర్ అంటారు. గోడ ఒక లేయర్, మనిషి ఒక లేయర్, మెడలో దండ ఒక లేయర్. ఏది పైనుంటే అది కిందిదాన్ని కప్పుతుంది. తెరకి కుడివైపున ఆ లేయర్లన్నీ చిన్న చిన్న బొమ్మలుగా వరుసలో కనిపిస్తాయి. ఒక్కోదాని పక్కన ఒక కన్ను గుర్తు ఉంటుంది. ఆ కన్ను మూస్తే లేయర్ కనపడదు, కానీ ఉంటుంది. తాళం గుర్తు వేస్తే కదలదు.

లేయర్ల పేర్లు చదవలేను కాబట్టి నేను గుర్తులతోనూ రంగులతోనూ నెట్టుకొచ్చాను. ఒక్కో లేయర్‌కి ఒక రంగు పూయొచ్చు. బతికున్నవారికి ఆకుపచ్చ, పోయినవారికి ఎరుపు, నగలకీ పూలకీ పసుపు. చీర కట్టే వరుసే నా వరుస: లంగా కింద, చీర పైన, నగ దానిపైన, పువ్వు అన్నిటికన్నా పైన. నీడ, అంచుగీత, మెరుపు లాంటి సోకులని లేయర్ స్టైల్ అంటారు. ఒక్కో ముఖానికీ విడివిడిగా సోకు చేయకుండా అందరినీ ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుకి ఒక్కసారి నీడ వేస్తే సరిపోతుంది. పన్నెండు తలకాయలున్న పుట్టినరోజు ఫ్లెక్సీ నా చేతిలో టీ చల్లారేలోపు అయిపోయేది. ప్రసాదుగారి కంటే నాదే వేగం. కుర్రాళ్ళు నా కుర్చీ వెనకే నిలబడి పురమాయించేవారు.

"అక్కగారండి, ఆడి తల నా తల కన్నా పెద్దగా వచ్చిందండి."

"మీ తల నిజంగానే చిన్నదండి బాబూ."

"ఫ్లెక్సీ మీదన్నా పెద్దది చెయ్యండి మరి!"

అలా నవ్వుకుంటూ బతికాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకే కోపం వస్తుంది.

మా వైపు ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. అందుకని మా స్టూడియోలో ఎక్కువగా అడిగేది కలిపిన ఫోటో. భార్యని, పిల్లల్ని ఇక్కడ తీస్తాం. భర్త ఫోటో అక్కడి నుంచి ఫోన్‌కి వస్తుంది. అందరూ ఒకే గదిలో నిలబడ్డట్టు చేసి ఫ్రేము కట్టి ఇస్తాం. పిల్లకి అన్నప్రాసన అయినా, అక్షరాభ్యాసం అయినా గోడ మీద తండ్రి ఉండాలి. అందరికీ తెలుసు అది కలిపిందని. అయినా పెట్టుకుంటారు.

ఆ వేసవిలో గోదావరి మధ్య లంక ఊరి నుంచి దుర్గ అనే అమ్మాయి వచ్చింది. చంకలో ఏడు నెలల ఆడపిల్ల, పేరు లాస్య. వెంట అత్తగారు. దుర్గకి మూడో నెల అప్పుడే భర్త శ్రీను డ్రైవరు పనికి కువైట్ వెళ్ళాడు. పిల్లని ఇంకా చూడలేదు. అన్నప్రాసనకి కలిపిన ఫోటో కావాలి.

అత్తగారు గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని నాతో అన్నది, "మావోడు మగపిల్లోడనుకున్నాడండి. ఆడపిల్లని చెప్పేక నాలుగు రోజులు ఫోనే చెయ్యలేదు."

"డ్యూటీలో ఉన్నారండి అప్పుడు. నెట్ లేదండి అక్కడ" అంది దుర్గ.

"ఆఁ, నెట్టు."

దుర్గ ఫోన్ తీసి నాకు చూపించింది. శ్రీను తన గదిలో కిటికీకి ఫోన్ ఆనించి తనే తీసుకున్న ఫోటో. రెండు చేతులతో ఒక చిన్న గౌను ఎత్తి పట్టుకున్నాడు. నిమ్మపండు రంగు, అంచున తెల్లటి బాతులు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. "పిల్ల పుట్టిందని తెలిసిన వారంలో కొన్నారండి. వచ్చేటప్పుడు తెస్తారంట" అంది దుర్గ. అత్తగారికి కూడా చూపించబోయింది. ఆవిడ కళ్ళలో శుక్లాలు. "నాకేం కనపడుద్దే అందులో" అని ముఖం తిప్పుకుంది.

"గౌను కూడా ఉంచండి పిన్నిగారండి" అంది దుర్గ.

నేను ఒప్పుకోలేదు. నా పనితనం మీద నాకంత నమ్మకం. "గౌను ఎందుకమ్మా? ఆ చేతుల్లో పిల్లనే పెడతాను చూడు" అన్నాను.

"మరి ఈ ఫోటో పోదుగా అండి?"

"కింద దాస్తాను తల్లీ, ఎక్కడికీ పోదు."

నిజంగానే దాచాను. అసలు ఫోటోని అన్నిటికన్నా కింద లేయర్‌గా పెట్టి, తాళం వేసి, కన్ను మూసి ఉంచడం మా స్టూడియో పద్ధతి. స్టూడియో ఫోన్‌కి వచ్చిన ఫోటోలు నిండిపోతాయని ప్రసాదుగారు ప్రతి ఆదివారం తుడిచేస్తారు. అసలుదంటూ మిగిలేది ఆ కింది లేయర్‌లోనే.

ఆ పని నా ఆరేళ్ళలోనూ బాగా వచ్చిన పని. శ్రీను ఒళ్ళు ఒక లేయర్. దాని పైన పిల్ల. పిల్ల పైన మళ్ళీ శ్రీను వేళ్ళు మాత్రం, విడిగా కత్తిరించి. గౌను బుజాలు పట్టుకున్న వేళ్ళు పిల్ల చంకల కింద పట్టుకున్నట్టు కుదిరాయి. గౌను పిల్ల వెనక్కి వెళ్ళిపోయింది. పక్కన దుర్గ. ముగ్గురినీ ఒక గ్రూపు చేసి గోడ మీద ఒకే నీడ వేశాను. ప్రింటు చూసి దుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు ప్రింటుని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, "లేనోణ్ణి భలే పెట్టేరండి" అంది.

ఇక నా తప్పు. పని అయ్యాక లేయర్లన్నీ ఒక్కటిగా అతికేయడాన్ని ఫ్లాటెన్ అంటారు. ప్రింటుకి పంపే ఫైలు అలాగే ఉండాలి. అతికినదాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, లేయర్లున్న ఫైలుని అలాగే ఉంచమని ప్రసాదుగారు చెప్పారు. వేరే పేరు పెట్టాలంటే టైపు చేయాలి. నాలుగు చదివానని చెప్పిన మనిషి టైపు చేయలేనని ఎలా చెప్తుంది? అందుకని అతికేసి, అదే ఫైలు మీద సేవ్ చేసేదాన్ని. మళ్ళీ ప్రింటు అడిగినవాళ్ళకి ఆ అతికిన ఫైలే చాలు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అతికేటప్పుడు కొన్నిసార్లు తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చేది. అందులో ఒక వరుస అక్షరాలు, కింద రెండు బటన్లు. మొదటిది నొక్కితే పని ముందుకు పోతుంది, రెండోది నొక్కితే ఆగిపోతుంది. నాకు తెలిసింది అంతే. ఎప్పుడూ మొదటిదే నొక్కాను. కన్ను మూసిన లేయర్ అతికినదాని కిందే ఉంటుందనుకున్నాను.

ఎనిమిది నెలలకి శ్రీను చనిపోయాడు. గుండె ఆగిందని కాగితం వచ్చింది. తరువాత అతని శవం ఉన్న పెట్టె వచ్చింది. అతని సామాను గాని, ఫోన్ గాని, గౌను గాని రాలేదు. పెట్టె వచ్చిన అయిదో రోజున దుర్గ స్టూడియోకి వచ్చింది. దినకార్యానికి పెద్ద ఫోటో కావాలంది. కలిపిన ఫోటోలోంచి ముఖం తీసి చేశాను. అది తీసుకుని వెళ్ళలేదు. అక్కడే నిలబడింది.

"పిన్నిగారండి, మీరు కింద దాస్తానన్నారే, ఆ గౌను ఫోటో. అది కావాలండి."

"నీ ఫోన్‌లో లేదా అమ్మా?"

"ఫోన్ కాలవలో పడిపోయిందండి, బట్టలుతుకుతుంటే. షాపాయన ఇంక రాదన్నాడు." చంకలోని పిల్లని సర్దుకుని చెప్పింది. "ఇంటికొచ్చినోళ్ళందరితో మా అత్తగారు ఒకటే మాటండి. ఆడపిల్ల పుట్టిందని మావోడి మనసు విరిగిపోయింది, ఆ దిగులుతోనే పోయాడు అని. రేపు ఈ పిల్లకి కూడా అదే చెప్తారండి. ఆ ఫోటో పెద్దది చేసి ఆవిడ కళ్ళ ముందు పెడతానండి."

"దానికేముందమ్మా, కూర్చో" అని ఫైలు తెరిచాను. కుడివైపు అప్పుడు పదకొండు లేయర్లు ఉన్న చోట ఒక్కటే ఉంది, తాళం గుర్తుతో. కిందకి జరిపాను. ఏమీ లేదు. ప్రసాదుగారిని పిలిచాను. ఆయన వంగి చూసి, "లేయర్లున్న ఫైలు ఏదండి?" అన్నారు.

"ఇదేనండి."

"ఇది ఫ్లాటెన్ చేసేసేరు. దీని మీదే సేవ్ చేసేసేరు. అప్పుడు ఒక పెట్టె వచ్చుంటుంది గదండి?"

"వచ్చింది."

"చదవలేదా?"

నేను మౌసు వదిలేశాను. దుర్గ అడిగింది, "ఆ పెట్టెలో ఏముంటుందండి?"

"కన్ను మూసి ఉన్న లేయర్లు పారేయమంటావా అని అడుగుద్దమ్మా" అన్నారు ప్రసాదుగారు.

దుర్గ నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. "మీరు పారేయమన్నారాండి?"

"నాకు చదవడం రాదమ్మా" అన్నాను. ఆ మాట స్టూడియోలో అనడం అదే మొదటిసారి. ప్రసాదుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ముందే చెప్తే పేర్లు నేను పెట్టేవోణ్ణి గదండి" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆయన హార్డ్‌డిస్కుని రాజమండ్రి తీసుకెళ్ళారు. అదే ఫైలు మీద మళ్ళీ సేవ్ అయింది కాబట్టి రాదన్నారు అక్కడివాళ్ళు. నేను మిగిలిన ఫోల్డర్లు తెరిచి చూశాను. ఆరేళ్ళ పని. ఒక ముసలాయన చేతికర్రతో నిలబడిన అసలు ఫోటో ఉండాలి. కర్ర బాగాలేదని వాళ్ళ కోడలు తీయించింది. ఒకావిడ ఒళ్ళో కుక్కపిల్ల ఉండాలి. ఇద్దరు అన్నదమ్ములు బుజాల మీద చేతులు వేసుకుని ఉండాలి. తరువాత ఇద్దరికీ మాటల్లేక ఒకడినే ఉంచమన్నారు. ఏ ఫైలు తెరిచినా ఒక్కటే లేయర్, ఒక్కటే తాళం. నేను దాచాననుకున్నవాటిని అన్నిటినీ పారేసింది నేనే.

అప్పుడైనా ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను. అమలాపురంలో నాలుగు కొట్లు తిరిగి నిమ్మపండు రంగు గౌను కొన్నాను. బాతులు లేవు, నేనే తెల్ల గుడ్డతో కత్తిరించి కుట్టాను. స్టూడియో దీపాల కింద ఫోటో తీసి శ్రీను చేతుల్లో పెట్టాను. వేళ్ళ లేయర్ మళ్ళీ చేశాను. చొక్కా మీద గౌను నీడ పడేలా చేశాను. నీడ ఎంత పలచగా ఉండాలో అంత పలచగా వచ్చింది.

దుర్గ చాలాసేపు చూసింది. "ఇలాగే ఉందండి" అంది. తరువాత మెల్లగా, "అప్పుడు గౌను వంకరగా ఉందండి. ఒక బుజం వేలి మీంచి జారిపోయింది. దానికేనండి ఆయన నవ్వింది" అంది. నా గౌను తిన్నగా ఉంది. ఆయన దేనికి నవ్వుతున్నాడో నా ఫోటోలో లేదు. అయినా దుర్గ తీసుకెళ్ళింది. వేరే దారి లేక తీసుకెళ్ళింది.

దినకార్యం రోజు నేనూ వెళ్ళాను. భోజనాల తరువాత దుర్గ ఆ ఫోటో అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ దగ్గరగా పెట్టుకుని చూసింది. ఏడుస్తుందనుకున్నాను. తలెత్తి నన్ను వెతికింది.

"లేనోణ్ణి ఉన్నట్టు చెయ్యడం మీకు పనే గదండి. గౌను పెట్టడం ఎంతసేపు?"

"నిజంగా ఉందండి" అన్నాను. "ఇది నేను చేసిందే, కాదనను. కానీ అసలుది నేను చూశాను. గౌను పట్టుకుని నవ్వేరండి మీ అబ్బాయి."

"చూసేరా? అయితే రాసివ్వండి. పిల్ల పెద్దయ్యేక చదువుకుంటది." పక్కన సామాను పట్టీ రాస్తున్న ఒకతని చేతిలోంచి కాగితం, పెన్ను తీసి నాకు ఇచ్చింది. "కంప్యూటరు మీద పనిచేసేవోరికి రాయడం ఓ లెక్కా!"

అందరూ చూస్తున్నారు. పెన్ను పట్టుకున్నాను. కాగితం అరచేతిలో పెట్టుకున్నాను. శ్రీను నవ్వు నా కళ్ళ ముందు ఉంది, గౌను అంచున బాతులు ఒక్కోటీ ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా కాగితం మీదకి తేలేను. నిలబడ్డాను. దుర్గ వచ్చి నా వేళ్ళు విడదీసి పెన్ను తీసుకుని అతనికి తిరిగి ఇచ్చేసింది.

"చూసేరా మరి" అంది అత్తగారు, వచ్చినవాళ్ళతో.

ఆ మరుసటి ఏడాది దుర్గ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. లాస్య నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆవిడ మాట మారలేదు. కిందటి నెల నేను వెళ్ళినప్పుడు పిల్ల గోడ మీది కలిపిన ఫోటో చూపించి, "మా నాన్న నన్ను ఎత్తుకోలేదంట, అది కంప్యూటరంట" అంది.

ఈ పనిలో ఉన్నవారు నా నుంచి నేర్చుకోవలసింది చిన్నదే. అసలుదాన్ని అతికే ఫైలులో దాచకండి, వేరే చోట ఉంచండి. లేయర్‌కి పేరు పెట్టండి. పెట్టె వస్తే చదవండి. చదవలేకపోతే చదవలేనని చెప్పండి. ఇవన్నీ ఇప్పుడు నేను చేస్తున్నాను. పోయినవాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ రోజు కాగితం మీద రాయలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. లాస్యా, మీ నాన్నగారు నీ గౌనుని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. నిమ్మపండు రంగు. అంచున తెల్లటి బాతులు. ఒక బుజం వేలి మీంచి జారింది. నోరంతా తెరిచి నవ్వుతున్నారు. నేను చూశాను. ఎవరు నమ్ముతారో తెలియదు. మీ నాయనమ్మ నమ్మదు. పెద్దయ్యాక నువ్వు నమ్ముతావో లేదో కూడా నాకు తెలియదు.

దినకార్యం మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాను. ప్రసాదుగారు షట్టరు తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాను. కొత్త ఫైలు తెరిచి, పిల్ల పేరు పెద్ద అక్షరాలతో టైపు చేయమన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. ఆ లేయర్ని లేత బూడిద రంగు చేసి తాళం వేశాను. దాని పైన ఖాళీ లేయర్ పెట్టుకుని, మౌసు పట్టుకుని, పేరు వెంట నడిచాను. దేని చుట్టూ అయినా కత్తిరించడం నాకు వచ్చు. అక్షరం మధ్యలోంచి నడవడం రాదు. చెయ్యి పక్కకి పోయింది. చెరిపి మళ్ళీ నడిచాను. చాలాసార్లు అయ్యాక కింది లేయర్ కన్ను మూశాను. పైన నేను రాసింది మాత్రమే మిగిలింది, గాలికి ఊగే తాడులా వంకర్లు పోయి.

అలవాటు కొద్దీ చెయ్యి ఫ్లాటెన్ మీదకి పోయింది. పెట్టె వచ్చింది. "ఇందులో ఏముందో ఒక్కో మాటా చదవండి" అన్నాను. ఆయన చదివారు. నేను రెండో బటన్ నొక్కాను.